గుండ్ల రద్దీలో పైథాన్-బార్‌కోడ్: మా లగేజీ చీటీల కథ

పొద్దున సంచి ఇచ్చిపోయిన మనిషిని సాయంత్రం గుర్తుపట్టడం ఎంత కష్టమో తెలియాలంటే మా లాడ్జి కౌంటర్లో ఒక్క శనివారం కూర్చోవాల. పొద్దున ఉంగరాల జుట్టు, గుబురు మీసం. సాయంత్రం చందనం పూసిన గుండు. పక్కన పెళ్ళాం, ఆమెదీ గుండే. చంకలో బిడ్డ, బిడ్డదీ గుండే. ‘మా సంచి ఇవ్వండి’ అంటారు. ఏ సంచి?

మా మేనమామది తిరుపతి రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో చిన్న లాడ్జి. గది ఖాళీ చేసి కొండకు పోయేవాళ్ళు సామాను కిందనే మా దగ్గర పెట్టి పోతారు. కౌంటర్ తాత అందరికీ ఇత్తడి బిళ్ళ ఇచ్చేవాడు, దాని జోడు బిళ్ళ సంచికి కట్టేవాడు. మొత్తం అరవై బిళ్ళలు. ఏళ్ళ తరబడి ఒకటొకటే పోయి, నేను చూసేసరికి నలభై మూడు మిగిలినాయి. అవి అయిపోతే మనిషి ముఖం చూసి ఇయ్యడమే. కిందటేడు ఒక సేలం వాళ్ళ సంచి కోలారు వాళ్ళతో పోయింది. రెండూ నల్ల సంచులే, రెండు ఇళ్ళవాళ్ళూ గుండ్లే. ఆ రోజు మామ పడిన మాటలు ఇక్కడ రాయలేను.

‘పాపా, నువ్వు కంప్యూటర్ చదివినావు కదా, అంగట్లో సబ్బుకు ఉంటాయే గీతలు, అట్ల సంచికి వేస్తే కాదా?’ అన్నాడు మామ. అట్లా మొదలైంది. ఎనిమిది నెలలుగా పైథాన్-బార్‌కోడ్ అనే లైబ్రరీతో, అంటే పైథాన్ భాషలో బార్‌కోడ్ గీయడానికి ఎవరో రాసిపెట్టిన రెడీమేడ్ ప్రోగ్రాంతో, మా చీటీలు నేనే గీయిస్తున్నాను. బిళ్ళల్లాగే ఇవీ జోడే, ఒకటి సంచికి, ఒకటి మనిషికి. దాని మంచీ చెడూ రాద్దామని ఇది. ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్క మార్కులో సగం నాకు నేను వేసుకున్నదే, డాక్యుమెంటేషన్ చదవకుండా దిగినందుకు.

క్యూఆర్ కోడ్ ఎందుకు కాదు అని అడుగుతారు, ముందే చెప్పేస్తాను. మామకు తెలిసిన మందుల అంగడాయన కొత్త స్కానర్ కొనుక్కుని పాతది మాకిచ్చాడు. అది ఎర్ర గీత పడే లేజర్ స్కానర్. లేజరు ఒక గీత వెంబడే చూస్తుంది, నలుపూ తెలుపూ ఎంతెంత మందం ఉన్నాయో కొలుస్తుంది, అంతే. చదరపు కోడ్ దాని కంటికి ఆనదు. ఊరికే వచ్చిన స్కానర్ కాబట్టి గీతల కోడే. పైగా దాన్ని యూఎస్‌బీకి పెడితే కీబోర్డులాగే పనిచేస్తుంది. చదివిన నంబరును టైపు చేసి, తనే ఎంటర్ కొడుతుంది. నేను స్కానర్ కోసమని ఒక్క లైను ప్రోగ్రాం కూడా రాయలేదు.

ఎక్కించుకోవడం సులువు. పేరు దగ్గరే కాస్త తికమక. పైథాన్ లైబ్రరీలను దించిపెట్టే పిప్‌తో తెచ్చుకునేటప్పుడు ‘పైథాన్-బార్‌కోడ్’ అనాలి, ప్రోగ్రాంలో ఇంపోర్ట్ చేసుకునేటప్పుడు ఉత్త ‘బార్‌కోడ్’ అనాలి. ‘పైబార్‌కోడ్’ అని పాతది ఒకటి ఉంది, దాని నుంచి పుట్టిందే ఇది. దించుకునేటప్పుడు పేర్లు చూసుకోండి. లైసెన్సు ఎంఐటీ, పైసా ఖర్చు లేదు. మామూలుగా ఎస్‌వీజీ బొమ్మ గీసిస్తుంది, దానికి వేరే ఏ లైబ్రరీ అక్కర్లేదు. పీఎన్‌జీ బొమ్మ కావాలంటే బొమ్మల పని చేసే పిల్లో అనే ఇంకో లైబ్రరీ ఉండాలి. ఫైలు పేరు చివర చుక్క పీఎన్‌జీ అని మీరు పెట్టకండి, అది తనే తగిలిస్తుంది. నా ఫోల్డర్ నిండా మొదటి రోజు ‘చీటీ.పీఎన్‌జీ.పీఎన్‌జీ’లే.

మూడే మూడు లైన్లలో మొదటి బార్‌కోడ్ తెర మీద కనపడింది. మామను పిలిచి చూపించాను. ‘అంతేనా?’ అన్నాడు. అంతే అనుకున్నాను నేను కూడా.

మొదట తీసుకున్నది కోడ్ 39 అనే రకం బార్‌కోడ్. 1974 నాటిది, అక్షరాలూ అంకెలూ రెండూ పడతాయి, ఏ స్కానరైనా చదువుతుంది. లగేజీకి ‘ఎల్’ అక్షరం, తర్వాత నాలుగు అంకెలు పెట్టాను. ఎల్0417 చీటీ కొట్టి, సంచికి అంటించి, స్కానర్ చూపించాను. కీక్‌మంది. సంబరపడేలోపే తెర మీద ‘అలాంటి సంచి లేదు’ అని వచ్చింది. ఏం టైపు చేసిందా అని నోట్‌ప్యాడ్ తెరిచి చూస్తే ఎల్0417ఎక్స్. ఈ ఎక్స్ యాడ నుంచి వచ్చింది? ఎల్0418 కొట్టాను, చివర వై. ఎల్0419కి జెడ్. ఓహో, వరుసగా పెరుగుతోంది అనుకుని ఎల్0420 కొడితే ఆర్! స్కానర్ పాడైందని ఖాయం చేసుకుని, మందుల అంగడాయనను మనసులో తిట్టుకున్నాను కూడా.

పాపం, స్కానర్ తప్పేం లేదు. కోడ్ 39లో చివర ఒక సరిచూసే అక్షరం పెట్టుకోవచ్చు, పెట్టుకోకపోవచ్చు. ఈ లైబ్రరీ మాత్రం మనం వద్దనకపోతే పెట్టేస్తుంది. లెక్క ఏమిటంటే, ప్రతి అక్షరానికీ ఒక విలువ ఉంటుంది. ఎల్ విలువ 21. దానికి 0, 4, 1, 7 కలిపితే 33. దాన్ని 43తో భాగించగా మిగిలేది 33, 33 అంటే ఎక్స్. 0420కి వస్తే 21కి 6 కలిపి 27, అంటే ఆర్. లెక్కంతా సరిగ్గా ఉంది. ఆ అక్షరాన్ని లెక్క చూసి పక్కన పెట్టెయ్యమని స్కానర్‌కు ఎవరూ చెప్పలేదు, అందుకని దాన్ని కూడా నంబరులో భాగమనుకుని టైపు చేసింది. ‘యాడ్ చెక్‌సమ్’ అనే దాన్ని ఫాల్స్ చేస్తే పోయింది. అన్నిటికన్నా సిగ్గుచేటు, గీతల కింద అచ్చులో కూడా ఎల్0417ఎక్స్ అనే ఉంది. నేను గీతలనే మురిపెంగా చూసుకున్నాను, కింద చదవలేదు.

తర్వాత కోడ్ 39 వదిలేసి కోడ్ 128కు మారాను. కారణం చీటీ వెడల్పు. ఈ లైబ్రరీ గీసే కోడ్ 39లో ఒక్కో అక్షరానికి 15 మాడ్యూళ్ళు, మధ్యలో ఒక ఖాళీ. మాడ్యూల్ అంటే అన్నిటికన్నా సన్న గీత మందం. ముందూ వెనకా నక్షత్రం గుర్తులు తప్పనిసరి కాబట్టి, ఎల్0417 అనే ఐదింటికే 111 మాడ్యూళ్ళు అయిపోతాయి. కోడ్ 128లో ఉత్త అంకెలైతే రెండేసి అంకెలు కలిసి 11 మాడ్యూళ్ళలో ఇమిడిపోతాయి. ఎనిమిది అంకెలకు 44, మొదలుకు 11, సరిచూసే గుర్తుకు 11, ముగింపుకు 13. మొత్తం 79. ఐదు అక్షరాలకు పట్టే జాగా కంటే తక్కువలో ఎనిమిది అంకెలు! దాంతో నెల, తేదీ, ఆ రోజు వరుస నంబరు అన్నీ ఒకేచోట పెట్టుకున్నాను. 09240047 అంటే సెప్టెంబరు 24, 47వ సంచి. సరిచూసే గుర్తు ఇందులో తప్పనిసరి, దాన్ని స్కానరే సరిచూసుకుని లోపలే ఉంచుకుంటుంది, ఎక్సులూ వైలూ బయటికి రావు.

ఇందులో ఒక తమాషా ఉంది. ఎక్సెల్ ముందున్న సున్నాను మింగేస్తుందని తెలుసు కదా. ఒకరోజు జాబితా ఎక్సెల్ నుంచి తెచ్చాను, ఏడంకెలే వచ్చాయి. అంకె తగ్గింది కాబట్టి బార్‌కోడ్ చిన్నది కావాలి. పెద్దదైంది! ఏడో అంకెకు జోడీ లేదు, దాని ఒక్కదాని కోసం వేరే పట్టికలోకి మారమని చెప్పే గుర్తు ఒకటి పడుతుంది, ఆ తర్వాత అంకె. 79 కాస్తా 90 అయింది. ఒంటరిగా వచ్చిన మనిషికి కూడా గది మొత్తం ఇవ్వాల్సిందే అన్నట్టు. ప్రోగ్రాంలో నంబరును నంబరుగా పెట్టుకోకండి, అక్షరాల్లాగా కొటేషన్లలోనే ఉంచండి.

ఇక అసలు గొడవ. మార్కు కోసింది దీనికే.

మా లేబుల్ ప్రింటర్ 203 డీపీఐ, అంటే అంగుళానికి 203 చుక్కలు. బిల్లులకూ చీటీలకూ వాడే వేడి ప్రింటర్లు చాలావరకు ఇవే. మిల్లీమీటరుకు ఎనిమిది చుక్కలు కొడుతుంది, చుక్కకు 0.125 మి.మీ. లైబ్రరీలో మనం ఏమీ చెప్పకపోతే మాడ్యూల్ మందం 0.2 మి.మీ., బొమ్మ 300 డీపీఐ. తెర మీద చూస్తే ముద్దుగా ఉంటుంది. ప్రింటర్ దగ్గరికి పోయేసరికి ఏమవుతుంది? 0.2 మి.మీ. అంటే ఒక చుక్క, ఇంకో చుక్కలో సగం కంటే కాస్త ఎక్కువ. సగం చుక్క కొట్టే ప్రింటర్ యాడా లేదు. ఒక గీతకు ఒక చుక్క పడుతుంది, పక్క గీతకు రెండు పడతాయి. రెండూ ఒకే మందం ఉండాల్సిన గీతలు. మందంలోనే కదా సమాచారమంతా ఉండేది! పదిసార్లు చూపిస్తే నాలుగుసార్లు కీక్‌మనేది, మిగతా ఆరుసార్లు తాత నా వైపు చూసేవాడు. అద్దాల కోసం పోయి కంటి డాక్టరు దగ్గర తెచ్చుకున్న భూతద్దం ఇంట్లో ఉంటే తెచ్చి చూశాను. పక్కపక్కనే ఉన్న రెండు సన్న గీతల్లో ఒకటి కొబ్బరి ఈనె, ఇంకోటి చీపురు పుల్ల.

మందు చిన్నదే. డీపీఐ 203 అని చెప్పి, మాడ్యూల్ మందానికి అంకె వేయకుండా లెక్కే రాశాను: 25.4ను 203తో భాగించి రెండుతో హెచ్చించు. 0.25 మి.మీ. చిల్లర వస్తుంది, కచ్చితంగా రెండు చుక్కలు. ఆ తర్వాత ప్రింట్ చేసేటప్పుడు ‘పేజీకి సరిపెట్టు’ అనే టిక్కు తీసేయాలి. అది ఉంటే ఇంత లెక్కా గంగపాలు, ఆరేడు శాతం కుదించి కొడుతుంది, చుక్కలు మళ్ళీ చెదురుతాయి. జేపీజీగా మార్చి పంపడం కూడా వద్దు, గీతల అంచులు అలుక్కుపోతాయి. ఇవన్నీ అయ్యాక 79 మాడ్యూళ్ళు 20 మి.మీ. లోపలే వచ్చాయి. చూపించిన ప్రతిసారీ కీక్.

లైబ్రరీది తప్పా అంటే తప్పు కాదు. మిల్లీమీటర్లలో అడిగితే మిల్లీమీటర్లలో గీసిచ్చింది. మన ప్రింటర్ ఏదో దానికేం తెలుసు? కానీ ‘మీ ప్రింటర్ చుక్కకు సరిపోయే మందం పెట్టుకోండి’ అని మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో ఉంటే నాకు రెండు ఆదివారాలు మిగిలేవి.

చీటీ 50కి 25 మి.మీ. అన్నీ బాగానే ఉన్నాయని ఆశ పుట్టింది. గీతలకు అటూ ఇటూ లైబ్రరీ 6.5 మి.మీ. చొప్పున తెల్లజాగా వదులుతుంది. ఇదంతా దండగ కదా అని ఒక మిల్లీమీటరుకు తగ్గించి, పక్కన ఫోన్ నంబరు ఇరికించాను. స్కానర్ మూగబోయింది. గీతలు ఎక్కడ మొదలవుతున్నాయో దానికి తెలియాలంటే ముందు కాస్త తెలుపు కనపడాలి. కోడ్ 128కి ఒక్కోవైపు పది మాడ్యూళ్ళు ఉండాలి, మా లెక్కన రెండున్నర మి.మీ. చుట్టూ ఊడ్చకుండా చెత్తలో ముగ్గేస్తే ముగ్గు యాడుందో కనపడుతుందా? నేను 4 మి.మీ. పెట్టుకున్నాను. ముగ్గు అంటే గుర్తొచ్చింది, ఈ గీతల ఆలోచన పుట్టింది కూడా ఇసుకలో గీసిన గీతల్లోనేనట. వుడ్‌ల్యాండ్ అనే ఆయన మయామీ సముద్రపొడ్డున కూర్చుని వేళ్ళతో ఇసుకను దువ్వాడు. 1952లో పేటెంటు వచ్చింది. అంగట్లో మొదటి ప్యాకెట్టు స్కాన్ అయ్యేసరికి 1974 జూన్ 26. అది చూయింగ్ గమ్ ప్యాకెట్టు.

‘లాడ్జి పేరు తెలుగులో రావాల’ అన్నాడు మామ. ఇక్కడ మాత్రం తెలుగువాళ్ళకు నా నుంచి ప్రత్యేక హెచ్చరిక. గీతల లోపల తెలుగు పట్టదు, కోడ్ 128లో ఉన్నవి 128 ఆస్కీ గుర్తులే, అంటే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు లాంటివే. గీతల కింద రాసే మాట మనిష్టం, సేవ్ చేసేటప్పుడు ‘టెక్స్ట్’ అని ఇవ్వొచ్చు. ఇస్తే వరుసగా డబ్బాలు వచ్చాయి. లైబ్రరీతో వచ్చే ఫాంటు డెజావు సాన్స్ మోనో, అందులో తెలుగు లేదు. ఫాంటు దారి మార్చి తెలుగు ఫాంటు చూపించాను. ఈసారి అక్షరాలు వచ్చాయి, వత్తులు మాత్రం కిందికి దిగకుండా పక్కన నిలబడ్డాయి. ‘లాడ్జి’ కాస్తా ‘లాడ్‌జి’ అయింది. పిల్లో దగ్గర రాక్మ్ అనే అమరిక సాయం లేకపోతే మన అక్షరాలు కూడుకోవు. ఇంతదూరం ఎందుకని కింది అక్షరాలను పూర్తిగా ఆపేసి, పేరును వేరే బొమ్మగా తయారు చేసుకుని పిల్లోతో పైన అతికించాను. నంబరు మాత్రం పెద్దగా వేశాను, స్కానర్ మొరాయించిన రోజు తాత కళ్ళతో చదువుకునేట్టు.

చీటీని సంచి పిడికి చుడితే ఇంకో పాఠం. గీతలు పిడి పొడవునా నిలువుగా ఉంటే, గుండ్రంగా తిరిగి సగం గీతలు వెనక్కి పోతాయి, లేజరుకు కనపడవు. నిచ్చెన మెట్లలా పిడికి అడ్డంగా ఉంటే ఎంత చుట్టినా ప్రతి గీతా కొంచెమన్నా ముందుకు ఉంటుంది. బొమ్మను తిప్పే పని ఈ లైబ్రరీ చేయదు, పిల్లోతో తొంభై డిగ్రీలు తిప్పుకోవాల్సిందే. ఇంకొకటి, మే నెలలో కిటికీ పక్క అర మీద పెట్టిన సంచుల చీటీలు ఎండకు బూడిదరంగుకు తిరిగాయి. అది వేడికి నల్లబడే కాగితం. తిరుపతి ఎండకు అదేం ఖర్మ చేసుకుంది, మనుషులమే నల్లబడతాం.

వాట్సాప్‌లో బార్‌కోడ్ పంపిస్తే కాగితం మిగులుతుంది కదా అని కూడా చేసి చూశాను. లేజర్ స్కానర్లకు ఫోన్ తెర సరిగా ఆనదు. వెలుగు తిరిగి రావాల్సినట్టు రాదు. వదిలేశాను.

అప్పడాలు చేసి అమ్మే మా ఎదురింటి అత్తకు ఈ సంగతి తెలిసి, ‘నా ప్యాకెట్లకూ 890 అని మొదలయ్యే గీతలు వేసిపెట్టవే’ అంది. అంగడి సరుకుల మీద ఉండే పదమూడంకెల ఈఏఎన్-13 కోడ్‌ను ఈ లైబ్రరీ చక్కగా గీస్తుంది. ఏ పన్నెండంకెలు ఇచ్చినా పదమూడోది తనే లెక్కగట్టి గీసేస్తుంది. గీయడం వేరు, ఆ నంబరు మనదవడం వేరు. 890 నంబర్లు ఇచ్చేది జీఎస్1 ఇండియా అనే సంస్థ, అక్కడ రిజిస్టరు చేసుకోకుండా నోటికొచ్చిన నంబరు వేస్తే రేపు ఏ అంగట్లోనో అత్త అప్పడాలు ఇంకెవరి బిస్కెట్లో అవుతాయి. అత్తకు అదే చెప్పాను, ఇంకా మూతి ముడుచుకునే ఉంది. ఇందులో నాకు నచ్చని గుణం ఒకటుంది: పదమూడు అంకెలూ మీరే ఇచ్చి చివరిది తప్పు ఇచ్చారనుకోండి, అది తప్పని చెప్పదు. గమ్మున ఆ అంకెను పారేసి సరైనది వేసుకుంటుంది. టైపింగులో మధ్య అంకె తప్పుపడిందని తెలిసే ఒక్క అవకాశం కూడా అట్లా పోతుంది. పుస్తకాలకో సరుకులకో వాడేవాళ్ళు, చివరి అంకె సరిపోయిందో లేదో ముందు మీ ప్రోగ్రాంలోనే చూసుకోండి.

ఎవరికి పనికొస్తుంది? రోజుకు వందో రెండొందలో చీటీలు కొట్టే చిన్న అంగళ్ళకు, పుస్తకాల లైబ్రరీలకు, మాలాంటి లాడ్జీలకు నిశ్చింతగా తీసుకోండి. మీ ప్రింటర్‌కు జెడ్‌పీఎల్ లాంటి సొంత భాష ఉంటే మాత్రం ఒకసారి అది చూడండి. నంబరు చెప్తే ప్రింటరే చుక్కల లెక్కన గీసుకుంటుంది, నేను పడిన 0.2 గొడవ మొత్తం ఉండదు. నేను అట్లా ఎందుకు పోలేదంటే, మామ ఈ ప్రింటర్ పోతే రేపు ఏది చవకగా దొరికితే అది తెస్తాడు. బొమ్మ అయితే ఏ ప్రింటరైనా కొడుతుంది.

తాత మొదట్లో స్కానర్‌ను ముట్టుకునేవాడు కాదు. ఇప్పుడు దాన్ని పెద్ద శటారిలాగా పట్టుకుని ఒక్కో సంచికీ ఆనిస్తాడు. మొన్న శనివారం చిత్తూరు వాళ్ళు ఒకే ఇంటి నుంచి తొమ్మిది మంది, తొమ్మిది గుండ్లతో వచ్చి నిలబడ్డారు. ఎనిమిది చీటీలు, ఎనిమిది కీక్‌లు. తొమ్మిదో ఆయన చీటీ చొక్కా జేబులోనే తడిసి ముద్దయిపోయింది, కల్యాణకట్టలో స్నానం చేసేటప్పుడు జేబు చూసుకోలేదట. తాత స్కానర్ పక్కన పెట్టాడు.

‘లోపల ఏముండాదో చెప్పు నాయనా.’

‘రెండు పంచెలు, ఒక దుప్పటి, చింతకాయ తొక్కు డబ్బా.’

తాత జిప్పు తీసి చూశాడు. డబ్బా మూత తీసి వాసన కూడా చూశాడు. ఇచ్చేశాడు.